ఇడువంటే ఏది ఇడవాలె?

కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నల్లగొండ కలెక్టరేట్‌లో నా కుర్చీకి కాళ్లొచ్చాయి. ఆర్డర్ టు సర్వ్ అని చేతికొక కాగితమిచ్చి భువనగిరికి వెళ్లమన్నారు. అప్పటికి నాకు నలభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఒకసారి అడిగినవాళ్లు రెండోసారి అడిగే ధైర్యం చేయలేదు, నా నోరు అలాంటిది. భువనగిరిలో ఒక సైకిల్ దుకాణం పైన గది కిరాయికి దొరికింది. పగలంతా ఆఫీసులో ఉంటాను, కింద ఎంత చప్పుడైతే నాకేం అనుకుని చేరిపోయాను. ఆదివారం సంగతి నాకెవరూ చెప్పలేదు.

మొదటి ఆదివారం ఇంకా తెల్లవారకముందే కింద షట్టర్ గరగరమంటూ లేచింది. తర్వాత గాలి పంపు, దాని వెంట నవ్వులు. ఎవరో పాట కూడా అందుకున్నారు. చున్నీ భుజాన వేసుకుని మెట్లు దిగాను, పోట్లాడదామనే. కింద పదిమంది దాకా ఉన్నారు. తలలకు హెల్మెట్లు, మోకాళ్లకు తొడుగులు, పక్కన స్కూటర్ టైర్లంత లావు టైర్లున్న సైకిళ్లు.

"ఆదివారం పూట మనుషులు పండుకోవద్దా?" అన్నాను.

పంపు కొడుతున్న మనిషి చెయ్యి ఆపకుండానే నన్ను చూశాడు. యాభై దాటినవాడు, పొట్టివాడు, పెద్ద మీసం. దుకాణం ఆయనదే. "పండుకునేటోళ్లను మేమేమన్న అన్నమా మేడం? లేచినోళ్లకైతె చాయ ఉన్నది. తాగుతవా?" అన్నాడు.

కోపంగా ఉన్నప్పుడు చాయ తాగకూడదని నాకు తెలుసు. తాగితే కోపం నిలవదు. కానీ వాళ్ల ఆవిడ గ్లాసు చేతిలో పెట్టేసింది, అందులో అల్లం బాగా దంచి వేసింది. ఆ రోజు నా పోట్లాట సగంలోనే ఆగిపోయింది. నెల తిరిగేసరికి ఆయన నాకు అన్న, ఆవిడ వదిన అయ్యారు.

ఆయన తండ్రి గొర్ల కాపరి. గొర్ల వెంట తిరగడం ఇష్టంలేక ఈయన వయసులో ఉన్నప్పుడే సైకిళ్లు గంటకింతని కిరాయికిచ్చే దుకాణం పెట్టాడు. ఊళ్లోకి మోటారు బండ్లు వచ్చాక ఆ కిరాయిలు పడిపోయాయి. ఆ రోజుల్లోనే భువనగిరి కోట ఉన్న బండ ఎక్కడానికి హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లలో ఒకాయన, గేర్లు విరిగిన కొండ సైకిల్‌ను రిపేరుకిచ్చి వెళ్లాడు. రిపేరైతే అయింది. సరిగ్గా అయిందో లేదో చూడాలని ఈయన దాన్ని ఊరి బయటి గుట్ట మీదికి తోలుకెళ్లాడు. చిన్నప్పుడు గొర్ల వెంట కాళ్లు కాలేలా నడిచిన దారే అది. ఆ దారిలోనే సైకిల్ మీద సర్రున దిగి వచ్చాడు. "ఆ దినం నా బుద్ధి తిరిగి గుట్టకాడికే వొచ్చింది చెల్లె. గొర్లు లేవు, గంతే తేడా" అని చెప్పుకునేవాడు.

బోర్డు మీద మొదట 'మౌంటెన్ బైకులు' అని రాయించాడు. మా వైపు బైకంటే మోటారు బండి. దారిన పోయేవాళ్లంతా ఆగి లీటరుకు ఎంతిస్తుందని అడిగేవారట. "రెండు జొన్నరొట్టెలకు యాదగిరిగుట్ట పోయొస్తది" అని పంపేవాడు. కొన్నాళ్లకు విసుగొచ్చి దాన్ని చెరిపించి 'గుట్ట సైకిళ్లు' అని రాయించాడు. ఈ చుట్టుపక్కల గుట్టంటే యాదగిరిగుట్టే కదా, ఈసారి భక్తులు ఆగి గుట్టకు సైకిల్ కిరాయికిస్తారా అని అడగడం మొదలుపెట్టారు. నేను వచ్చేనాటికి బోర్డు జోలికి పోవడం మానేశాడు.

చాయ తాగిన పాపానికి మూడో ఆదివారం నేనూ సైకిలెక్కాను. కట్టంగూర్‌లో హైస్కూలుకు సైకిల్ మీద వెళ్లినదాన్నే. కానీ అది తారు రోడ్డు, పైగా పాతికేళ్ల కిందటి మాట. ఆఫీసు మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషిని గుట్టెక్కాలనుకోవడం ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టే. అందరికంటే వెనక, ఎవరి కంటా పడకుండా వద్దామని నా ఆలోచన. ఆయన ఒప్పుకోలేదు.

"నువ్వు ముందుండాలె" అన్నాడు.

"నేనా? నాకు దారే తెల్వది."

"దారి ఎనుకున్నోళ్లు చెప్తరు. అందరికంటె మెల్లగ పోయేటోళ్లే ముందట. మా నాయిన మందల కుంటి గొర్రె ముందట నడిచేది. అది ముందటుంటె మంద చెదరది. అది ఎనుకబడ్డదనుకో, నక్క పాలయితది."

నన్ను కుంటి గొర్రె అన్నందుకు ఏమనాలో తోచేలోపే అందరూ కదిలారు. ఆ రోజు నుంచి ముందర నేను, నా వెనక తొక్కగలిగేవాళ్లంతా కాళ్లు కట్టేసుకున్నట్టు మెల్లగా, అందరి వెనక ఆయన. ఆయన హ్యాండిల్‌కు తండ్రి మందలోని పాత గొర్రె గంట కట్టి ఉండేది. అది టణటణమంటున్నంతసేపూ వెనక అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క. దిగుడు వచ్చినచోట అందరం పైన ఆగాలి. ఆయన వచ్చి, ఒక్కొక్కరినీ చూసి, "ఇడువు" అని కేక పెట్టాలి. ఆ మాట పడేదాకా ఎవ్వరూ కదలకూడదు.

ఆ మొదటి రోజు ఈ కేక సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. గుట్ట అవతలి వైపు ఒక పెద్ద పరుపు బండ ఉంది. ఏటవాలుగా, పెళ్లి పందిరంత వెడల్పున దిగుతుంది. కింద ఇసుక, ఇసుక దాటితే తంగేడు పొదలు. దాని అంచున నిలబడ్డాను. వెనక నుంచి "ఇడువు" అన్నాడు. నేను రెండు బ్రేకులూ బిగించి పట్టుకుని అంగుళం అంగుళం జారుతున్నాను. ఇలా అయితే ముందు టైరు ఆగిపోయి మూతి మీద పడతానని ఆయనకు తెలుసు. "ఇడువు, ఇడువు" అని మళ్లీ అరిచాడు.

నేను ఇడిచాను. రెండు చేతులూ ఎత్తేశాను.

రైతు ఇంట్లో పుట్టినదాన్ని. మా నాయిన సాయంత్రం చేనులో ఇడువు అన్నాడంటే ఎడ్ల మెడ మీది కాడి దించమని. పని అయిపోయింది, చేతిలో ఉన్నదల్లా కింద పెట్టి ఇంటికి పోదామని. అరక ఇడిచే యాళ్ల అంటే మా ఊళ్లో పొద్దుగూకే వేళ. చిన్నప్పటి నుంచి విన్న మాట, నా తలకంటే ముందు చేతులకే అర్థమైపోయింది. సైకిల్ ఒక దారిన, నేను ఒక దారిన వెళ్లి తంగేడు పొదలో పడ్డాను.

ఆయన దిగి వచ్చి నన్ను లేపలేదు. పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, "పొద్దున ఏం తిన్నవ్?" అని అడిగాడు.

"నీ తలకాయ" అన్నాను.

"గది తినలే. సోంచాయించి చెప్పు."

"చాయ తాగిన. వదిన రెండు బిస్కిట్లిచ్చింది."

"మంచిది. తిన్నది యాదికున్నదంటె తలకాయ జాగాల ఉన్నట్టే. ఇగ లే." అప్పుడు చెయ్యి అందించాడు. "బ్రేక్ ఇడువమంటె హ్యాండిల్ ఇడిసినవేంది?"

"మా ఇంట్ల ఇడువంటె కాడి దించుడు. పని బందు."

ఆయన మీసం వణికింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా ఇంట్ల ఇడువంటె పొద్దుగాల దొడ్డి తడక తీసి మందను ఇడుసుడు. గప్పుడే పని షురూ" అన్నాడు. నేను మోచేతికి పసుపు అద్దుకుంటుంటే అందరూ చుట్టూ చేరి ఇడువంటే ఏది ఇడవాలి, ముందు బ్రేకా వెనక బ్రేకా అని చర్చ పెట్టారు. ఆ రోజుతో నా పేరు పోయింది. ఇప్పటికీ దుకాణంలో నన్ను ఇడువు మేడం అనే అంటారు. కలెక్టరేట్‌కు కూడా ఆ పేరు ఎవరు చేరవేశారో నాకు తెలుసు, మాతోపాటు తొక్కే బడిపంతులే.

పంతులు గురించి చెప్పాలి. చర్చిలో పాటలు నడిపించేది ఆయనే. ప్రార్థన వేళకు తిరిగి చేరాలి కాబట్టే మేమంతా చీకటితోనే బయలుదేరేవాళ్లం. ఆయన ఒక్కడి కోసం ఇంతమంది నిద్ర మానుకోవడమేమిటని నేను వాదించాను. "ఆయన ఒక్కడు రాకుంటె మందల ఒకటి తక్కువైతది గద" అన్నాడు అన్న. ఆయన దృష్టిలో సంగతి అక్కడితో అయిపోయింది. నాకు మాత్రం చాలా రోజులు ఆ మాట చెవిలో ఉంది. ఆఫీసులో ఇన్నేళ్లు పనిచేశాను. ఒక్క మనిషి కోసం వేళ మార్చుకున్న చోటు నేనెక్కడా చూడలేదు.

అన్న వినయస్థుడేం కాదు. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. చక్రం వంకర సరిచేసి, తిప్పి, "చూసినవా, గడియారం ముల్లు లెక్క" అని మనం మెచ్చుకునేదాకా వదిలేవాడు కాదు. భయపడొద్దని ఎవరితోనూ అనేవాడు కాదు. "భయం ఉండాలె. దాన్ని ఎనుక క్యారియర్ మీద కూసోబెట్టుకో, ముందట కాదు" అనేవాడు. ఈ సైకిళ్లకు అసలు క్యారియరే ఉండదని నాకు తట్టేసరికి దిగుడు అయిపోయేది. కరోనా రోజుల్లో ఇళ్లలో మగ్గిపోయి సైకిల్ కోసం వచ్చినవాళ్లకు, అమ్మేసి చేతులు దులుపుకోకుండా, ఆదివారం రమ్మని చెప్పి పంపాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉండిపోయారు. నేను మనుషులను అంత త్వరగా మెచ్చుకునే రకం కాదు. ఆయనను మాత్రం మెచ్చుకున్నాను, ఇప్పుడూ మెచ్చుకుంటున్నాను. తన వేగం చూపించుకోగలిగి ఉండీ, ఆదివారం ఆదివారం నా ఆయాసం వెనక తొక్కిన మనిషి ఆయన.

మొన్నటి వానాకాలంలో పరుపు బండ మీద పాచి పట్టింది. మేమంతా పక్కదారిన జాగ్రత్తగా దిగాం. ముందర ఎప్పటిలా నేనే. ఇసుక దాటి తంగేడు పొదల దగ్గరికి వచ్చాక ఏదో వెలితిగా అనిపించింది. గంట వినిపించడం లేదు. ఆగమన్నాను. గాలి అటు తిరిగిందేమోనన్నారు ఎవరో. సైకిల్ అక్కడే పడేసి వెనక్కి ఎక్కాను.

పక్కదారి నుంచి పాచి మీదికి జారినట్టున్నాడు, బండ మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ ఒక పక్క పగిలింది. రక్తం లేదు. నన్ను చూసి నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చి, పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆయన గొంతుతోనే "పొద్దున ఏం తిన్నవన్నా?" అని అడిగాను.

"జొన్న గట్క. మా అవ్వ పోసింది" అన్నాడు.

వెనకే వచ్చినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, ఆటపట్టిస్తున్నాడనుకుని. ఆ పొద్దున ఆయన మాతోపాటే చాయ తాగాడు. ఆయన అవ్వ, అంటే కన్నతల్లి, పోయి ముప్పై ఏళ్లపైనే అయిందని ఆయనే చెప్పాడు. "నిజంగనే. అవ్వ పొయ్యికాడ ఉన్నది, పొయ్యి అడుగు" అన్నాడు మళ్లీ, ఎంతో నిమ్మళంగా. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు.

చేతుల మీద దించి, ఆటోలో దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాదుకు తీసుకెళ్లాం. తలలో రక్తం గడ్డ కట్టిందన్నారు. ఆపరేషన్ చేసి తీశారు. గుండుతో, మీసం మాత్రం అలాగే ఉంచుకుని ఇంటికొచ్చాడు. అన్నీ గుర్తున్నాయి, నా మీద వేసే జోకులతో సహా. కానీ డాక్టరు ఒక్క మాట గట్టిగా చెప్పి పంపాడు, సైకిల్ ఎక్కకూడదని. ఇంకోసారి తలకు దెబ్బ తగిలితే ఏ ఆపరేషనూ పనికిరాదని.

దుకాణం తెరిచాడు. పని చేసుకుంటున్నాడు. గొప్పలు మాత్రం లేవు. చక్రం సరిచేసి ఏమీ అనకుండా పక్కన పెట్టేసేవాడు. ఆదివారాలు షట్టర్ లేవలేదు. మా వాళ్లు ఒకసారి ఆయన లేకుండా గుట్టకు వెళ్లారు. కాళ్లున్నవాళ్లు ముందు పోయారు, ఇద్దరు తప్పిపోయారు, ఎండెక్కాక ఒక్కొక్కరే తిరిగొచ్చి ఒకరినొకరు తిట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఏళ్ల కిందట నేను మెట్లు దిగి అడిగిన నిశ్శబ్దం ఇదే. తీరా దొరికాక ఆదివారం పొద్దున మంచం మీద పడుకోలేకపోయాను.

ఒక సాయంత్రం వదిన పైకి వచ్చింది. గిన్నెలో సకినాలు తెచ్చింది కానీ, ఆమె వచ్చింది అందుకు కాదు.

"ఆయన తన సైకిల్‌ను గోడదిక్కు తిప్పి దుప్పటి కప్పిండు" అంది. "మనిషి ఇంట్లనే ఉన్నడు గని లేనట్టే ఉన్నడు. నాకు గిట్ల బతికిన మనిషి వొద్దు. నేను చెప్తె ఇనడు. నీ నోటికైతె భయపడతడు."

రెండోసారి పోట్లాటకు మెట్లు దిగాను.

"వచ్చే ఆదివారం అందరిని రమ్మన్న. ఎనుక నేనుంట" అన్నాను.

ఆయన తలెత్తకుండా చైనుకు నూనె పెడుతున్నాడు. "నువ్వు ఎనుకుంటె ముందటోళ్లు ఊళ్లెకొచ్చి అన్నం తిని పండుకుంటరు. అప్పటిదాక నువ్వు దిగవు."

"పండుకోని. మెల్లగ పోయెటోళ్లే ముందట అన్నది నువ్వే. నాకంటె మెల్లగ పోయెటోళ్లు ఇప్పుడు ముగ్గురున్నరు. నేను నడిచి దిగిన రాళ్లు నీకు గూడ తెల్వయి."

"నేను ఎనుక లేకుంటె ఎవలన్న పడితె?"

"నువ్వు పడ్డనాడు నీ ఎనుక ఎవలున్నరన్నా?"

నూనె డబ్బా కింద పెట్టాడు. అంత కటువుగా అనకుండా ఉండాల్సిందని అనిపించింది, కానీ నోరు జారాక ఏం లాభం. గుడ్డతో చేతులు తుడుచుకుని, "గంట ఆగిందని నువ్వే ఇన్నవంట గద" అన్నాడు. అవునన్నాను. ఆయన మళ్లీ చైను అందుకున్నాడు.

ఆదివారం షట్టర్ లేచింది. ఎవరు లేపారో చూడడానికి కిందికి దిగితే వదిన. ఆయన లోపల కూర్చుని మాకు గాలి పట్టి ఇచ్చాడు, బయటికి మాత్రం రాలేదు. వదిన చేతి చాయ తాగి బయలుదేరాం. ముందర కొత్తగా చేరిన ఒక మందుల షాపాయన, అందరి వెనక నేను. గంట లేకుండా. అడిగితే ఇవ్వలేదు ఆయన. "నీకు గంటెందుకు? నీ నోరే గంట" అన్నాడు. నిజమే. దారిపొడుగునా నేను విసుక్కుంటూనే ఉన్నాను, ముందరివాళ్లు దాన్నే వింటూ పోయారు.

పరుపు బండ పైకి చేరి అలవాటుగా ఆగాం. కేక పెట్టాల్సింది ఇప్పుడు నేను. నోరు తెరిచాను, మాట రాలేదు. నోరున్న మనిషినని పేరే గానీ, ఆ మాట నాది కాదనిపించింది. అప్పుడు అవతలి బండ్ల బాట నుంచి మోపెడ్ చప్పుడు వినిపించింది. వదిన తోలుతోంది. వెనక ఆయన, ఒళ్లో గొర్రె గంట.

దిగి మెల్లగా వచ్చాడు. ఒక్కొక్కరి సైకిల్ బ్రేకూ నొక్కి చూశాడు. నాది రెండుసార్లు చూశాడు. తర్వాత బండ అంచున నిలబడి కిందికి చూస్తూ ఉండిపోయాడు. పంతులు చేతి గడియారం చూసుకుని, మళ్లీ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఎవ్వరూ తొందర చేయలేదు.

"ఇడువు" అన్నాడు.

కేక కాదు. పక్కనున్న మనిషితో చెప్పినట్టు అన్నాడు. ఆయన ఇంటి మాటగా మందను వదిలాడు, ముందరివాళ్లు ఒక్కొక్కరే దిగిపోయారు. మా ఇంటి మాటగా కాడి దించాడు, అది నాకొక్కదానికే వినిపించింది. కళ్లలో నీళ్లు తిరిగితే దారి కనిపించదని తుడుచుకుని, నేనూ బ్రేక్ ఇడిచాను.

చివరగా కిందికి చేరేసరికి ఆయన, వదిన అప్పటికే బాట మీదుగా వచ్చి తంగేడు పొదల దగ్గర ఉన్నారు. ఆయన గంట ఊపుతూ మనుషులను లెక్కపెట్టుకుంటున్నాడు. నేను సైకిల్ పడేసి ఇసుకలో కూలబడ్డాను. పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"పొద్దున ఏం తిన్నవ్ చెల్లె?"

"ముందుగాల నువ్వు చెప్పు" అన్నాను. సరదాకే అన్నాను గానీ, జవాబు వచ్చేదాకా ఆయన మొహం మీంచి చూపు తిప్పలేదు.

ఆయన వదిన వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చాయ. రెండు బిస్కిట్లు. మీ వదినె చూడంగ ఒకటి, చూడకుండ ఒకటి."